మోమార్త్ కొండ మీద మూడు తరాలు

ఒక అమ్మమ్మ, ఆవిడ కూతురు, ఆ కూతురికి ఓ కొడుకు. ఆ కొడుక్కి తనకన్నా మూడేళ్ళు చిన్నవాడైన ఓ స్నేహితుడు. ఆ స్నేహితుడితో తల్లి ప్రేమలో పడింది. అప్పటికే ఉన్న భర్తనీ, తోటా ఇల్లూ ఉన్న సుఖమైన కాపురాన్నీ వదిలేసి అతన్ని పెళ్ళాడింది. ఇదే మన వీక్లీల్లో సీరియల్‌గా వస్తే రెండో వారానికల్లా ఎడిటర్ గారికి ఉత్తరాలు గుట్టలుగా వచ్చి పడతాయి, రచయిత్రికి మతి గానీ పోయిందా అని. కానీ ఇది ఎవరూ అల్లిన కథ కాదు. ప్యారిస్ నగరంలో మోమార్త్ అనే కొండ మీద నిజంగా జరిగింది. ఆ తల్లి పేరు సుజాన్ వలదాన్. ఫ్రెంచి చిత్రకారిణి. 1865లో పుట్టి 1938లో పోయింది.

1912లో ఆమె వేసిన ఒక బొమ్మ ఉంది. కుటుంబ చిత్రం. నలుగురున్నారు అందులో. ముడతలు పడ్డ మొహంతో ముసలి తల్లి మదెలైన్ వెనకగా ఉంటుంది. పక్కన యువకుడు ఆంద్రే ఉటెర్. ముందు తల చేతికి ఆనించుకుని దిగాలుగా కూర్చున్నవాడు కొడుకు మోరిస్. మధ్యలో సుజాన్, ఎద మీద చెయ్యి వేసుకుని ఉంటుంది. ఆ నలుగురిలో మనవైపు సూటిగా చూసేది ఆమె ఒక్కతే. మిగతా ముగ్గురూ తలో దిక్కూ చూస్తుంటారు. ఫోటో స్టూడియోకి వెళ్ళి తీయించుకున్న గ్రూప్ ఫోటోలో అందరినీ సర్ది నిలబెట్టిన ఇంటి ఇల్లాలి మొహం ఎలా ఉంటుందో, అలా ఉంటుంది ఆమె మొహం. నేను ప్యారిస్ వెళ్ళలేదు, అచ్చులో చూసిందే. అయినా ఆ చూపు నన్ను చాలాకాలం వదల్లేదు. ఈ నలుగురినీ మోస్తున్నది నేనే అని చెప్పకుండానే చెప్తున్నట్టుంటుంది.

అసలు పేరు సుజాన్ కాదు. మరీ క్లెమెంతీన్. లిమోజ్ పట్టణానికి దగ్గరలో ఉన్న బెస్సీన్ అనే ఊళ్ళో పుట్టింది. వాళ్ళమ్మ మదెలైన్ అక్కడ బట్టలు కుట్టీ, ఉతికీ బతికే పనిమనిషి. తండ్రి ఎవరో కాగితాల్లో లేదు. తండ్రి పేరు లేని పిల్లతో చిన్న ఊళ్ళో బతకడం ఎంత కష్టమో మనకెవరూ చెప్పక్కర్లేదు. పిల్లకి అయిదేళ్ళప్పుడు మదెలైన్ మూట కట్టుకుని ప్యారిస్ వచ్చేసింది. అద్దెలు చవకని మోమార్త్ కొండ మీద చేరింది. అప్పట్లో అది నగరం కాదు, నగరం అంచున పల్లెటూరు. గాలిమరలు, ద్రాక్షతోటలు, సారా దుకాణాలు, డబ్బుల్లేని కళాకారులు. మదెలైన్ ఇళ్ళు కడిగింది, బట్టలుతికింది.

పిల్లని నన్‌ల బడిలో వేసింది గానీ అది నిలవలేదు. పదకొండేళ్ళకే చదువు మానేసి పనిలోకి వెళ్ళింది. టోపీలు కుట్టే చోట, శవాల మీద వేసే పూలచక్రాలు కట్టే చోట, కూరగాయల బజారులో, హోటల్లో... అన్నీ చేసింది. ఎక్కడా కుదురుగా నిలవలేదు. పదిహేనో ఏట సర్కస్‌లో చేరింది. ఆ పని మాత్రం ఆమెకి ప్రాణం. ఎత్తునుంచి వేలాడే ఊయల మీద విన్యాసాలు. కొద్ది నెలలకే పైనుంచి పడింది. దెబ్బ గట్టిగా తగలడంతో ఆ ముచ్చట అక్కడికి తీరిపోయింది. ముసలితనంలో కూడా సర్కస్ రోజుల్ని తలుచుకునేదట.

అప్పుడు మొదలైంది మోడల్ పని. కొండ కింద పిగాల్ కూడలిలో ఒక ఫౌంటెన్ ఉండేది. పొద్దున్నే మన ఊళ్ళల్లో అడ్డా మీద కూలీలు నిలబడతారే, సరిగ్గా అలాగే చిత్రకారులకి బొమ్మకి నిలబడేవాళ్ళు అక్కడ చేరేవాళ్ళు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. చిత్రకారుడు వచ్చి మొహం చూసి, ఒళ్ళు చూసి, బేరమాడి తీసుకెళ్ళేవాడు. గంటల తరబడి కదలకుండా నిలబడాలి. ఒంటిమీద బట్టల్లేకుండా కూడా నిలబడాలి. గౌరవమైన పని అని ఎవరూ అనుకోలేదు. కానీ బట్టలుతకడంకన్నా డబ్బులెక్కువ, సర్కస్‌కన్నా ప్రాణభయం తక్కువ. ఇటాలియన్ మోడళ్ళకి గిరాకీ ఉండేది కాబట్టి కాబోలు, మారియా అని పేరు పెట్టుకుంది.

ప్యువీ ద షవాన్ అనే పెద్దాయనకి మొదట నిలబడింది. గోడలకి పెద్ద పెద్ద బొమ్మలు వేసే పేరుమోసిన చిత్రకారుడు. తర్వాత రెన్వా. రెన్వా వేసిన నాట్యం బొమ్మలు చూసే ఉంటారు, క్యాలెండర్ల మీదా గ్రీటింగ్ కార్డుల మీదా వచ్చేవి. బూజివాల్‌లో నాట్యం అనే దాంట్లో ఎర్రటి టోపీ పెట్టుకుని, గడ్డం మనిషి చేతుల్లో తిరుగుతున్న అమ్మాయి సుజానే. నగరంలో నాట్యం అనే బొమ్మలో తెల్ల పట్టుగౌనుతో ఉన్న అమ్మాయీ ఆమే. రెండూ 1883లో పూర్తయినవి.

ఆ 1883 దగ్గర కాస్త ఆగుతాను. ఆ ఏడాది ఆమె రెన్వా బొమ్మల్లో పట్టుగౌనులో తిరుగుతోంది. ఆ ఏడాదే కడుపుతో ఉంది, డిసెంబర్ 26న కొడుకు పుట్టాడు. ఆ ఏడాదే తన మొహాన్ని తనే రంగు సుద్దలతో గీసుకుని, కింద సంతకం పెట్టి, ఏడాది వేసింది. ఆమె తొలి బొమ్మల్లో అదొకటి. రెన్వా బొమ్మలోని అమ్మాయినీ, ఈ అమ్మాయినీ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ బుగ్గలు గులాబీలు, కళ్ళు కలలు. ఇక్కడ బిగించిన పెదాలు, పట్టుదల గడ్డం, నవ్వన్నది లేదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల. మగవాళ్ళు తనని ఎలా చూస్తున్నారో రోజంతా నిలబడి చూసి, ఇంటికొచ్చి తానెలా ఉందో గీసుకుంది. ఆమెకి ఎవరూ బొమ్మలు నేర్పలేదు. ప్యారిస్‌లో ప్రభుత్వ కళాశాల ఆడపిల్లల్ని చేర్చుకున్నదే 1897లో. ఫీజులు కట్టి ప్రైవేటుగా నేర్చుకునే స్థితి ఈమెకి లేదు. కదలకుండా నిలబడిన ఆ గంటల్లో కళ్ళు మాత్రం కదిలేవి. ఏ రంగులో ఏది కలుపుతున్నారు, గీత ఎక్కణ్ణుంచి మొదలుపెడుతున్నారు, ఏది చెరుపుతున్నారు... డబ్బులిచ్చి నేర్చుకోవాల్సింది, డబ్బులు పుచ్చుకుంటూ నేర్చుకుంది.

ఆ కాలంలోనే బెర్త్ మోరిజో, మేరీ కసాత్ అనే గొప్ప చిత్రకారిణులున్నారు. కలిగిన ఇళ్ళ ఆడవాళ్ళు. వాళ్ళకి గురువులున్నారు, స్టూడియోలున్నాయి, పరువు ఉంది. ఆ పరువువల్లే వీధి హోటళ్ళలో కూర్చుని గీసే వీల్లేదు, బట్టల్లేని మగ మోడల్‌ని ఎదురుగా పెట్టుకుని వేసే వీల్లేదు. సుజాన్‌కి పోవడానికి పరువే లేదు. పేదరికం మంచిదని నేననడం లేదు, ఎవరూ అనకూడదు. కానీ వాళ్ళకి మూసి ఉన్న తలుపు ఒకటి ఈమెకి తెరిచి ఉన్నమాట నిజం.

పుట్టిన కొడుకు మోరిస్‌కి తండ్రెవరు? ఈ ప్రశ్న మీద పుస్తకాలే ఉన్నాయి. ఆమె చెప్పలేదు. మోరిస్‌కి ఏడేళ్ళప్పుడు, 1891లో, మిగెల్ ఉత్రిల్లో అనే స్పెయిన్ దేశపు స్నేహితుడు కాగితాల మీద సంతకం పెట్టి తన ఇంటిపేరు ఇచ్చాడు. నిజంగా తండ్రో, జాలిపడ్డ స్నేహితుడో తేలలేదు. తేలాల్సిన అవసరం కూడా నాకు కనిపించదు. పిల్లవాణ్ణి పెంచింది మాత్రం అమ్మమ్మ మదెలైన్. కూతురు బొమ్మలకి నిలబడి సంపాదించి తెస్తే, తల్లి ఇల్లు చూసుకుంటూ మనవణ్ణి సాకింది. మదెలైన్ పుట్టినవైపు సూప్‌లో కాస్త ఎర్ర ద్రాక్షసారా పోసుకుని తాగడం అలవాటు. పిల్లవాడు రాత్రిళ్ళు ఏడ్చి రాద్ధాంతం చేస్తే, ఊరుకుంటాడని వాడికీ అలాగే పట్టించేదని చెప్తారు. విని ముక్కున వేలేసుకోకండి. కూలికెళ్ళే తల్లులు పసివాళ్ళకి చిటికెడు నల్లమందు నాకించి నిద్రపుచ్చేవాళ్ళని మా అమ్మమ్మ చెప్పేది. ఎక్కడైనా పేదింటి కథ ఒకటే. అయితే ఇక్కడ దాని ఖరీదు తర్వాత చాలా పెద్దదైంది.

సుజాన్ అనే పేరు పెట్టింది తులూజ్ లోత్రెక్. పొట్టి కాళ్ళ జమీందారీ బిడ్డ, గొప్ప చిత్రకారుడు. బైబిల్ కథలో స్నానం చేస్తున్న సుజానాని ఇద్దరు ముసలాళ్ళు చాటునుంచి చూస్తారు. ఈమె ఎప్పుడూ ముసలి చిత్రకారులకి నిలబడుతుందని వేళాకోళంగా ఆ పేరు పెట్టాడు. వేళాకోళమే అయినా ఆమె దాన్ని తీసుకుని బొమ్మల కింద సంతకం చేసేసింది. ఆమె గీతలు చూసి ముచ్చటపడి, దెగా దగ్గరికి పంపినవాళ్ళలో లోత్రెక్ ఒకడు.

దెగా అంటే ఎవరు! అప్పటికే దేశమంతా పేరున్నవాడు. పెళ్ళి చేసుకోలేదు, ఆడవాళ్ళంటే గిట్టదు, మొహమ్మీద మాటనేస్తాడు. అలాంటాయన ఈ పనిమనిషి కూతురి కాగితాలు తిరగేసి, ఈమె మనలో మనిషేనని ఒప్పుకున్నాడు. అక్కడికక్కడే ఒకటి కొన్నాడు. ఆమె జీవితంలో అదే మలుపు. చాలామంది అనుకున్నట్టు ఆయనకి ఆమె మోడల్‌గా నిలబడలేదు. తన దగ్గరున్న యంత్రం మీద రాగిరేకు చెక్కి అచ్చు తీసే పని నేర్పాడు. ఏడాదికేడాది ఉత్తరాలు రాస్తూ, ఆరోగ్యం అడుగుతూ, బొమ్మలు ఎందుకు తేవడం లేదని విసుక్కుంటూ ఉండేవాడు. 1917లో పోయేదాకా ఆమెమీద ఆయన నమ్మకం తగ్గలేదు. 1894లో పేరున్న జాతీయ ప్రదర్శనలో ఆమె డ్రాయింగులు అయిదు పెట్టారు. ఏ బళ్ళోనూ నేర్చుకోని ఆడమనిషికి అది ఎంత అరుదో ఊహించుకోండి.

ఏం గీసింది? నీళ్ళు కాచుకునే ఆడవాళ్ళని, తొట్టెలో కాలుపెట్టి వంగిన ఆడవాళ్ళని, మనవడి ఒళ్ళు తుడుస్తున్న మదెలైన్‌ని. దెగా కూడా స్నానాలు చేసే ఆడవాళ్ళనే వేశాడు. ఆయన బొమ్మల్లో ఎవరో చాటుగా చూస్తున్నట్టుంటుంది. ఈమె బొమ్మల్లో అలా ఉండదు. ఆ నీళ్ళు కాచి మోసుకొచ్చిన మనిషి గీసినట్టు ఉంటాయి. నల్లటి గట్టి గీత, మెత్తదనం లేదు. పొట్టలు పొట్టల్లాగే ఉంటాయి. ఆమె అందమైన బొమ్మలు వేస్తే ఇంకా ముందే పేరొచ్చేదని కొందరు రాశారు. వాళ్ళు రోజంతా పనిచేసిన ఆడదాని నడుం దగ్గర్నుంచి చూసి ఉండరు.

1893 జనవరిలో ఎరిక్ సాటీ వచ్చాడు. కాబరేల్లో పియానో వాయించే సంగీతకారుడు, చేతిలో చిల్లిగవ్వ లేదు. పరిచయమైన మొదటి రాత్రే పెళ్ళాడమని అడిగేశాడట. కోర్తో వీధిలో పక్కపక్క గదులు. అతని బొమ్మ ఆమె వేసింది, ఆమె బొమ్మ అతను వేశాడు. జూన్ నాటికి అంతా అయిపోయింది. ఆర్నెల్లు. తర్వాత సాటీ జీవితంలో ఇంకో స్త్రీ ఉన్నట్టు ఎవరికీ తెలీదు. ఊరవతల ఒక గదిలో ఇరవై ఏడేళ్ళు ఒంటరిగా ఉన్నాడు, ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వలేదు. 1925లో అతను పోయాక స్నేహితులు తలుపు తెరిస్తే, దుమ్ములో గొడుగుల గుట్టల మధ్య ఆమె వేసిన బొమ్మా, ఆమెకి రాసుకున్న ఉత్తరాలూ దొరికాయని చెప్తారు. ప్రేమకథలు రాసేవాళ్ళు ఈ ఆర్నెల్ల మీదే నవలంతా నడిపేస్తారు. నాకైతే సుజాన్ అప్పుడేమనుకుందో అన్నదే ఆసక్తి. ఇంట్లో ముసలి తల్లి, తొమ్మిదేళ్ళ కొడుకు. అలాంటి ఇంటికి పిచ్చిప్రేమతోపాటు బియ్యం కూడా కావాలి.

ఆ బియ్యం పాల్ మూసిస్ దగ్గర దొరికాయి. బాగా సంపాదించే ఉద్యోగి, డబ్బు లెక్కలు తెలిసిన మనిషి, ఓపికమంతుడు. 1896లో పెళ్ళి. ప్యారిస్ శివార్లలో తోటా ఇల్లూ, మోమార్త్‌లో విడిగా స్టూడియో, పనివాళ్ళు. మదెలైన్ కూడా కూతురింట్లోనే. జీవితంలో మొదటిసారి అద్దె గురించి ఆలోచించక్కర్లేదు. పదమూడేళ్ళు అలా గడిచాయి. ఈ పదమూడేళ్ళనీ పుస్తకాలు రెండు పేజీల్లో దాటేస్తాయి. భోజనాలు, అతిథులు, ఇంటి అజమాయిషీ మధ్య ఆమె తక్కువ వేసిందంటారు. అవును, తక్కువే. మధ్యాహ్నం వంటిల్లు సర్దాక రాయడానికి కూర్చునే నాలాంటిదానికి అందులో ఆశ్చర్యమేమీ లేదు. సుఖమైన ఇల్లు కూడా పనే. పనిమనుషులున్నా పనే. అయినా ఆ ఇంట్లోనే పనిపిల్లల్ని, తల్లిని కూర్చోబెట్టి గీస్తూనే ఉంది. చెయ్యి మాత్రం ఆపలేదు.

ఈలోగా మోరిస్ పెరిగాడు. సవతి తండ్రితో పడేది కాదు. చదువు అబ్బలేదు, బ్యాంకులో పెడితే నిలవలేదు. మీసాలు రాకముందే తాగుడు మొదలైంది. రోడ్డు మీద పడిపోయి ఉంటే ఎవరో ఇంటికి చేర్చేవాళ్ళు. ఇరవై దాటిన వెంటనే, 1904లో, పిచ్చాసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఏదో ఒక వ్యాపకం పెట్టండి, చేతులకి పని ఉండాలి అన్నాడు డాక్టరు. సుజాన్ కుంచె ఇచ్చింది. వాడికేమీ ఇష్టం లేదు. పట్టుబట్టి కూర్చోబెట్టింది. రంగులు తక్కువ ఇచ్చి, వాటితోనే కలుపుకోవడం నేర్పింది. ఆ తాగుబోతు కుర్రాడే మోరిస్ ఉత్రిల్లో అయ్యాడు. మోమార్త్ వీధులు, మెట్లు, తెల్లటి గోడలు. ఆ గోడల తెలుపు రావాలని రంగులో సున్నం, ప్లాస్టర్ కలిపేవాడు. మనుషులు దాదాపు ఉండరు, ఉన్నా వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంటారు. తల్లి బొమ్మల నిండా మనుషులు, కొడుకు బొమ్మల నిండా ఖాళీ వీధులు.

ఆమె మంచి తల్లి కాదని రాసినవాళ్ళకి లెక్కలేదు. పిల్లవాణ్ణి ముసలమ్మకి వదిలి స్టూడియోల చుట్టూ తిరిగిందని, అందుకే వాడు పాడైపోయాడని. నిజమే కావచ్చు కొంత. అదే రోజుల్లో దెగాకి పిల్లలే లేరు, లోత్రెక్ సారా దుకాణాల్లోనే ఉండేవాడు, మోరిస్‌ని కన్న మగవాడెవరో సంతకం పెట్టడానికే రాలేదు. వాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి తండ్రులా అని ఎవరూ అడగరు. తాగుడు మాన్పించలేకపోయింది, ఎవరి తరమూ కాలేదు. కానీ తన చేతిలో ఉన్న ఒకే ఒక్క విద్యని కొడుక్కి ఇచ్చింది.

ఇక ఆంద్రే ఉటెర్. మోరిస్‌తో కలిసి తిరిగే కుర్రాడు. కరెంటు పని తెలుసు, బొమ్మలేస్తాడు. 1909లో ఆమెకి నలభై నాలుగు, అతనికి ఇరవై మూడు. ఆ ఏడాదే ఆదాము, హవ్వ అనే బొమ్మ వేసింది. హవ్వ తనే, ఆదాము ఉటెర్. ఇద్దరూ దిసమొలలతో, నవ్వుతూ, తోటలో. హవ్వ చెయ్యి చాచి ఆపిల్ అందుకుంటోంది. ఆదాము ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆపుతున్నాడా, అందుకోమని సాయం చేస్తున్నాడా? ఎంతసేపు చూసినా నాకు తేలలేదు. వందల ఏళ్ళుగా మగవాళ్ళు ఆడవాళ్ళని అలా వేస్తూనే ఉన్నారు. ఒక ఆడమనిషి తనని, తను ప్రేమించిన మగవాణ్ణి పక్కపక్కన అలా వేసి నిలబెట్టడం కొత్త. 1920లో ప్రదర్శనకి పెట్టేటప్పుడు ఆదాముకి నడుం చుట్టూ ఆకులు వెయ్యాల్సి వచ్చింది. హవ్వకి అవసరం లేదనుకున్నారు! మొదట ఎలా ఉండేదో పాత ఫోటో ఉంది. ఆకులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

మూసిస్‌ని వదిలేసింది. తోటా ఇల్లూ పోయాయి. తల్లిని, కొడుకుని, ఉటెర్‌ని తీసుకుని మళ్ళీ కోర్తో వీధికి, 12వ నెంబరు ఇంటికి వచ్చింది. మదెలైన్ ఏమందో ఎక్కడా రాసి లేదు. చేతులు పగిలేలా బట్టలుతికిన ముసలావిడ, కూతురు డబ్బున్న అల్లుణ్ణి వదిలి మనవడి ఈడువాడితో వచ్చేస్తే ఏమంటుంది? ఏమీ అనకుండా వెంట వచ్చింది. మొదట్లో చెప్పిన కుటుంబ చిత్రం ఆ రోజులదే. నలభై నాలుగు దాటాక సుజాన్ చెయ్యి విరుచుకుని వేసింది. పెద్ద పెద్ద కాన్వాసులు, మండే రంగులు, వాటి చుట్టూ ఆ నల్లటి గీత. 1911లో మొదటిసారి తన ఒక్కదాని బొమ్మలతో ప్రదర్శన జరిగింది. 1914లో యుద్ధం రాగానే ఉటెర్ సైన్యంలో చేరాడు. వెళ్ళేముందు పెళ్ళి చేసుకున్నారు, సైనికుడి భార్యకొచ్చే భత్యం అందుతుందని. మరుసటి ఏడు మదెలైన్ పోయింది.

యుద్ధం తర్వాత ఒక విచిత్రం జరిగింది. తల్లి బొమ్మలని విమర్శకులు మెచ్చుకున్నారు, కొడుకు బొమ్మలని జనం కొన్నారు. మోరిస్ వీధులకి గిరాకీ పెరిగిపోయింది. ఉటెర్ లెక్కలు చూసేవాడు, బేరాలు మాట్లాడేవాడు. మోరిస్ బయటికెళితే తాగి ఎక్కడో పడిపోతాడు, ఒక సీసాకి బొమ్మ ఇచ్చేస్తాడు. అందుకని గదిలో ఉంచి తాళం వేసేవాళ్ళు. కిటికీకి ఊచలు. పోస్టుకార్డులు ముందు పెట్టుకుని వీధుల్ని వేసేవాడు. ఆ డబ్బుతో ఇల్లు గడిచేది, గడవడమే కాదు, కోట కూడా కొన్నారు. 1923లో లియోన్‌కి ఉత్తరాన సెయింట్ బెర్నార్ అనే ఊళ్ళో పాతకాలపు కోట. ఆవిడ బొచ్చు కోట్లు కొనేదని, శుక్రవారం శుక్రవారం పిల్లులకి ఖరీదైన చేపగుడ్లు పెట్టేదని, నచ్చని బొమ్మల్ని మేకకి మేపేదని కథలు చెప్పుకుంటారు. ఇక్కడ నాకు సుజాన్ మీద కోపం వస్తుంది. కొడుకు ప్రాణం కాపాడటానికే తాళం వేసి ఉండొచ్చు. కానీ తాళం వేసిన గదిలోంచి వచ్చే బొమ్మల మీద కోట నిలబడినప్పుడు, ఆ తాళం ఎవరికోసం? ఆవిడ ఈ ప్రశ్న వేసుకుందో లేదో నాకు తెలీదు. కొడుకు గురించిన భయంతో ఆవిడ ఎన్ని రాత్రులు ఆ కొండ మెట్ల మీద వెతుక్కుంటూ తిరిగిందో కూడా మనం లెక్కలోకి తీసుకోవాలి.

ఆ రోజుల్లోనే ఆమె గొప్ప బొమ్మలు వచ్చాయి. 1921లో విడిచిపెట్టిన బొమ్మ అనేది వేసింది. స్నానం చేసి వచ్చిన ఎదిగే వయసు పిల్ల, ఒళ్ళు తుడుస్తున్న తల్లి. పిల్ల తల్లికి వీపు తిప్పి చేతి అద్దంలో తన మొహం చూసుకుంటుంటుంది. నేల మీద ఆడుకునే బొమ్మ పడి ఉంటుంది, దాని తలలోనూ పిల్ల తలలో ఉన్నలాంటిదే రిబ్బను. పన్నెండు పదమూడేళ్ళ కూతురున్న ఏ తల్లికీ ఈ బొమ్మ గురించి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడిది అమెరికాలో వాషింగ్టన్‌లోని మహిళా కళాకారుల మ్యూజియంలో ఉంది. 1923లో నీలం గది. నీలిరంగు దుప్పట్ల మధ్య ఒక స్త్రీ ఒరిగి పడుకుని ఉంటుంది. చారల పైజమా, నోట్లో సిగరెట్టు, కాళ్ళ దగ్గర పుస్తకాలు. దేవతల్లా పడుకోబెట్టిన ఆడవాళ్ళ బొమ్మలు మ్యూజియంల నిండా ఉన్నాయి, ఇలా పని అయ్యాక నడుం వాల్చిన ఆడమనిషి బొమ్మ ఎక్కడుంది? ఫ్రెంచి ప్రభుత్వమే దాన్ని కొంది.

ఉటెర్‌తో ప్రేమ అలా నిలవలేదు. అతనికి వేరే ఆడవాళ్ళు, తాగుడు, అరుపులు. తను బొమ్మలేసేవాణ్ణన్న సంగతి భార్యా సవతికొడుకుల లెక్కల్లో పడి మర్చిపోయాడన్న బాధ కూడా ఉండేదేమో. కోట అతనికి, ప్యారిస్‌లో మోరిస్ పేరుమీద కొన్న ఇల్లు ఆమెకి అన్నట్టయింది. విడాకులు లేవు. 1931లో, అరవై అయిదు దాటిన వయసులో, అద్దం ముందు కూర్చుని పై బట్ట లేకుండా తన బొమ్మ తనే వేసుకుంది. మెళ్ళో గొలుసు, పెదాలకి రంగు, జారిన వక్షం. 1883 నాటి ఆ పట్టుదల గడ్డం అలాగే ఉంది. ఆడవాళ్ళ ప్రదర్శన అని విడిగా పెడితే ఒకప్పుడు ఒప్పుకునేది కాదు. చిత్రకారులంటే చిత్రకారులే అనేది ఆమె వాదం. 1933 నుంచి మాత్రం ఆధునిక చిత్రకారిణుల సంఘం వాళ్ళతో కలిసి బొమ్మలు పెట్టింది.

1935లో జబ్బుపడి ఆసుపత్రిలో చేరింది. ఆ ఏడాదే మోరిస్‌కి యాభై రెండో ఏట పెళ్ళయింది. వధువు ల్యూసీ, ఒక బ్యాంకర్ గారి వితంతువు, బొమ్మలు కొనే అలవాటున్న మనిషి. పెళ్ళయ్యాక మోరిస్‌ని ఊరవతల ఇంటికి తీసుకెళ్ళింది, తాగుడు అదుపులో పెట్టింది, లెక్కలు తన చేతిలోకి తీసుకుంది. అత్తాకోడళ్ళకి పడలేదు. పడుతుందని ఎలా అనుకుంటాం? పాతికేళ్ళుగా తన చేతిలో ఉన్న తాళం చెవి కోడలి చేతిలోకి వెళ్ళింది.

1938 ఏప్రిల్ 7న ఇంట్లో బొమ్మ వేస్తుండగా పక్షవాతం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోగా ప్రాణం పోయింది. డెబ్భై రెండేళ్ళు. మోమార్త్ చర్చిలో జరిగిన అంత్యక్రియలకి పికాసో, బ్రాక్, దెరాన్ వచ్చారు. మోరిస్ రాలేకపోయాడు. దుఃఖంతో మనిషి లేవలేని స్థితిలో ఉన్నాడు. ఆమె వదిలి వెళ్ళినవి సుమారు 480 పెయింటింగులు, 270కి పైగా డ్రాయింగులు. ఉటెర్ 1948లో, మోరిస్ 1955లో పోయారు.

ఆ తర్వాత చాలాకాలం ఆమె పేరు ఉత్రిల్లో వాళ్ళమ్మగానే వినిపించింది, లేకపోతే రెన్వా మోడల్‌గా. మళ్ళీ బొమ్మలు బొమ్మలుగా చూడటం ఈమధ్యే మొదలైంది. కోర్తో వీధిలోని 12వ నెంబరు ఇల్లు మోమార్త్ మ్యూజియంలో భాగమైంది, 2014లో ఆమె స్టూడియోని ఒకప్పటిలాగే సర్దిపెట్టారు. 2021లో అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని బార్న్స్ ఫౌండేషన్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. 2025లో ప్యారిస్ పాంపిదూ సెంటర్‌లో జరిగింది. కొండ కింద చిన్న కూడలికి ఆమె పేరు పెట్టారు.

మోరిస్ బొమ్మలు ఎక్కడైనా కనిపిస్తే కింద సంతకం చూడండి. మోరిస్ ఉత్రిల్లో అని రాసి, పక్కన ఇంకో అక్షరం వేస్తాడు, ఫ్రెంచిలో వలదాన్ అనే పేరుకి మొదటి అక్షరం. ఎవరో సంతకం పెట్టి ఇచ్చిన ఇంటిపేరు పక్కన, బట్టలుతికిన అమ్మమ్మ ఇంటిపేరు. పెళ్ళయి ల్యూసీ దగ్గరికి వెళ్ళాక కూడా దాన్ని తీసెయ్యలేదు.